మీసాల చేప ఎర ముట్టడం లేదా? ముందు బంద నీళ్లు చూడండి

బందలో, అంటే ఊరి చిన్న చెరువులో, చేప పిల్లల్ని వదిలి ఏడాది కావొస్తుంది. చేపలు చేతికందే సైజుకొచ్చాయని ఊళ్లో అందరికీ తెలుసు. మొన్నటిదాకా గాలానికి ఒక ఎర్ర (వానపాము) గుచ్చి వేస్తే చాలు, బెండు మునిగేది. వారం నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. "ఏటి బావా, ఒక్కటీ ముట్టట్లేదు?" అని గట్టు మీద ఒకరినొకరు అడుగుతారు. ఎర్రలు మానేసి కోడి పేగులు తెస్తారు, ఆ తర్వాత రొయ్యలు. గాలం చిన్నది కడతారు, దారం సన్నది వేస్తారు. చివరికి ఎవరో రాత్రిపూట వల వేసి ఊడ్చుకుపోయారనే అనుమానం మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ బంద దగ్గరైనా ఇదే వరస.

ఈ వరస తిరగబడాలని నా గట్టి అభిప్రాయం. ఎర మార్చడం ఆఖరి పని. బొచ్చె, శీలావతి సంగతి వేరు గానీ, మీసాల చేపలు ముట్టడం మానేశాయంటే కారణం చాలాసార్లు నీళ్లలోనో, వాటి కడుపులోనో ఉంటుంది. గాలం దగ్గర ఉండదు. ఆ కారణం తెలియాలంటే ఈ చేపలు ఊపిరి ఎలా పీలుస్తాయో ముందు తెలియాలి.

మన వైపు చెరువుల్లో మీసాల చేపలంటే మార్పు, ఇంగిలాయి, జెల్ల, వాలుగ. వీటికి తోడు గుత్తకు తీసుకున్నవాళ్లు వదిలే పంగాసియస్. ఇది మన నేల చేప కాదు, 1990ల మధ్యలో బెంగాల్ మీదుగా వచ్చి ఆంధ్రలో స్థిరపడింది. క్యాట్‌ఫిష్ పిల్లలంటూ ఎవరైనా ఆఫ్రికన్ రకం అంటగడితే మాత్రం తీసుకోవద్దు. దాని పెంపకం దేశంలో నిషేధం. తప్పించుకుని గెడ్డల్లో (వాగుల్లో) పడిందంటే అక్కడున్న మన చేపల్ని మిగల్చదు.

జెల్ల, వాలుగ ప్రధానంగా మొప్పల మీదే బతుకుతాయి. మార్పు అలా కాదు. దాని మొప్పల పైభాగంలో కొమ్మలు కొమ్మలుగా చీలిన అవయవం ఒకటుంటుంది, దాంతో నేరుగా గాలి పీలుస్తుంది. ఇంగిలాయికి మొప్పల దగ్గర మొదలై తోక వైపు సాగే రెండు గాలిసంచులు ఉంటాయి. పంగాసియస్ తన గాలితిత్తినే ఊపిరికి కూడా వాడుకుంటుంది. అందుకే ఈ మూడూ నీళ్లు పాడైనా పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి బతికేస్తాయి.

అయితే బతకడం వేరు, తినడం వేరు. తిన్నది అరగాలంటే చేపకు మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి. నీళ్లలో అది తగ్గినప్పుడు చేప మొదట మానేది తిండే. ఉక్కపోతకు గాలాడని గదిలో మనకు అన్నం సహించనట్టే దానికీ సహించదు. పైగా గాలి కోసం మాటిమాటికీ అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు తిరగడానికే ఒంట్లో ఓపిక సరిపోతుంది. బొచ్చె ఉన్న చెరువులో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైన తేలుతాయి, ఊరంతా చూస్తుంది. మార్పుల బందలో అలాంటిదేమీ కనిపించదు. చేప చావదు, తేలదు. గాలం మూగబోతుంది, అంతే. నీళ్లు పాడవుతున్నాయని అందరికంటే ముందు కబురు అందేది గాలం వేసేవాడికే. దాన్ని ఎర తప్పుగా చదువుకుంటే గుత్తదారుకీ నష్టమే.

అందుకని ఎర్రల డబ్బా పక్కన పెట్టి, ఒకరోజు తెల్లవారకముందే గట్టు మీదకు వెళ్లండి. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది అప్పుడే. పగలంతా ఎండకు పచ్చనాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే అదే నాచు, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములు ఉంటే చేప హాయిగా తింటుంది. 3 కంటే దిగితే తిండి తగ్గిస్తుంది. మీటరు లేకపోయినా ఫర్వాలేదు. ఒకే చోట నిలబడి, ఎదురుగా నాలుగు మంచాలంత మేర మీద కన్నేసి ఉంచండి. మంచి నీళ్లలో మార్పు అప్పుడప్పుడు పైకొచ్చి నిదానంగా దిగిపోతుంది. నీళ్లు బాగాలేకపోతే ఒకటి దిగేలోపు ఇంకొకటి, దాని పక్కనే మరొకటి, చెరువంతా టపటపలాడుతూనే ఉంటుంది. చాలామంది దీన్ని చూసి "అబ్బో, చేప దండిగా ఉంది, ఇవాళ పంటే" అని సంబరపడతారు. అలాంటి పొద్దున్నే గాలం అసలు పలకదు.

బుడగల్ని కూడా చదవొచ్చు. చేప అడుగున బురద కెలుకుతుంటే చిన్న బుడగలు గుంపుగా లేచి, ఆ గుంపు మెల్లగా పక్కకు జరుగుతుంది. అక్కడ చేప తింటోంది, ఎర అక్కడే వెయ్యాలి. ఒకే చోట పెద్ద బుడగలు ఆగి ఆగి లేస్తుంటే అది చేప కాదు, కుళ్లుతున్న అడుగు నుంచి వచ్చే గ్యాసు. గాలానికి కట్టిన సీసపు గుండు పైకి లాగి, దానికి అంటిన బురద ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. గోధుమరంగులో మట్టి వాసన వస్తే మంచిదే. నల్లగా, కుళ్లిన గుడ్డు కంపు కొడితే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతోందని అర్థం. మీసాల చేప తిండి వెతుక్కునేది ఎక్కువగా అడుగునే. అడుగు విషమైతే అది పై నీళ్లలోకి చేరుతుంది, మీ ఎర మాత్రం ఆ బురదలోనే కూరుకుపోతుంది. అలాంటప్పుడు బెండు కిందికి జరిపి, ఎరను అడుగుకు జానెడు పైన వేలాడదీస్తే ఒక్కోసారి పలుకుతుంది.

మబ్బు పట్టిన రోజులు వరసగా వస్తే నాచుకు ఎండ తగలక ఆక్సిజన్ తయారవదు. మన జిల్లాల్లో అక్టోబరు తుఫాన్లకు ఇంకో పోటు కూడా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో మర్చిపోయేది కాదు. అంత గాలికి రాలిన ఆకు, కొమ్మ, చెత్త చెరువుల్లోకే చేరతాయి. చల్లటి వాన నీరు బరువుగా కిందికి దిగి, అడుగున పేరుకున్న పాత నీటిని పైకి తోస్తుంది. ఆపైన చెత్త కుళ్లడం మొదలై ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా హరించుకుపోతుంది. అందుకే వాన వెలిసి ఎండ కాసినా, చెరువు నిండా నీళ్లున్నా, చేప వారాల తరబడి ముట్టకపోవడంలో వింతేమీ లేదు.

మా వైపు ఎక్కువగా కనిపించే కారణం ఇంకొకటుంది. నాకు తెలిసి దీని మీద గట్టు మీద జరగాల్సినంత చర్చ జరగడం లేదు. అది నార కోసం గోగు కట్టల్ని నీళ్లలో ఊరబెట్టడం. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట భూముల్లో గోగు తరతరాల పంట. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆ పంట మీదే ఏళ్లుగా పనిచేస్తోంది. సాగు ఇదివరకటంత లేకపోయినా, పైరు కోసిన కట్టల్ని నేటికీ ఊరి బందల్లోనే ముంచుతారు. పైన మట్టిపెళ్లలో రాళ్లో బరువు పెట్టి రెండు మూడు వారాలు ఉంచితే, నారను కట్టెకు అంటిపెట్టిన జిగురును సూక్ష్మజీవులు తినేస్తాయి. నార ఊడి వస్తుంది. ఆ సూక్ష్మజీవులకు ముందు కావలసింది నీటిలోని ఆక్సిజనే. నాలుగైదు రోజులకే నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరిగి, తర్వాత నల్లబడతాయి. ఆ కంపు దాటిపోయేవాళ్ల బట్టలకు కూడా పడుతుంది. బొచ్చె, శీలావతి ఉన్న చెరువైతే చచ్చి తేలతాయి, పంచాయితీ పెడతారు. మార్పులున్న బందలో ఏ గొడవా ఉండదు, ఎందుకంటే ఏదీ చావలేదు. కానీ కట్టలు మునిగిన నాటి నుంచి నీరు తేటపడేదాకా అవి దాదాపు ఉపవాసమే. గుత్తదారు తవుడు వేస్తూనే ఉంటాడు, అది తినేవాళ్లు లేక అడుగున కుళ్లి నీటిని ఇంకా పాడుచేస్తుంది.

ఇక్కడ తప్పు గోగు రైతుది అని నేననను. గోగు కట్టలు ముంచడానికి నీళ్లు కావాలి, వేరే చోట లేవు. బంద పక్కనే పల్లంలో చిన్న గొయ్యి తవ్వుకుని అందులో ఊరబెడితే ఇద్దరికీ మేలు. అది కుదరకపోతే కట్టలన్నీ మదుముకు (తూముకు) దగ్గరగా ఒక మూలనే ముంచి, గాలం వేసేవాళ్లు గాలి ఎదురుగా వచ్చే అవతలి ఒడ్డుకు పోవాలి. నీరు కాస్త తాజాగా ఉండే మూలకే చేప చేరుతుంది.

అమ్మోనియా విషయం కొంచెం చిక్కుగా ఉంటుంది. తినగా మిగిలిన మేత, చేపల విసర్జన కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పల్ని కాలుస్తుంది. ఏది ఎంత అనేది పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె చేతిలో ఉంది. నీటి వేడి 28 డిగ్రీలున్నప్పుడు, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో హానికర రూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర 6, 7 శాతం ఉంటుంది. 9కి చేరితే 40 శాతం దాటుతుంది. నాచు దట్టంగా పట్టిన చెరువులో ఎండ పెరిగేకొద్దీ పీహెచ్ కూడా పెరిగి సాయంత్రానికి 9 దాటొచ్చు. పొద్దున కాస్త పలికిన గాలం సాయంత్రం నాలుగింటికి పూర్తిగా మూగబోతుంటే, నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉంటే, నేను ముందు అనుమానించేది దీన్నే. మోచేతి దాకా చెయ్యి ముంచి అరచేయి కనిపిస్తుందేమో చూడండి. 30, 40 సెంటీమీటర్ల లోతున మసకగానైనా కనిపించాలి. జానెడు లోతుకే మాయమైతే నాచు ఎక్కువైనట్టు.

ఈ దశలో చాలామంది చేసే పని సున్నం చల్లడం. చెరువుకు ఏ రోగమొచ్చినా సున్నమే మందని మనకు అలవాటు. అమ్మోనియా ఎక్కువగా ఉన్న నీటిలో సున్నం వేస్తే పీహెచ్ ఇంకా పెరిగి, అప్పటిదాకా హాని చేయని భాగం కూడా విషంగా మారుతుంది. చేప ముట్టడం లేదని సున్నం వేశాక చేపలే చచ్చాయంటే వెనక ఇదే కథ ఉండొచ్చు. ముందు మేత ఆపాలి. మదుము తీసి అడుగు నీరు కొంత వదిలి కొత్త నీరు పెట్టాలి, లేదా మోటారుతో నీటిని పైకి చిమ్మి అదే చెరువులో పడేలా చెయ్యాలి. ఆక్వా షాపుల్లో దొరికే చుక్కల కిట్‌తో పీహెచ్, అమ్మోనియా చూసుకున్నాకే సున్నం మాట.

చలి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో లోతు లేని బందలు బాగా చల్లబడతాయి. పంగాసియస్ వేడి నీటి చేప, 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉత్సాహంగా తింటుంది. నీళ్లు 22 కంటే దిగితే దాదాపు మానేస్తుంది. సంక్రాంతి సెలవులకు ఊరొచ్చినవాళ్లు తెల్లవారుజామున వణుకుతూ గాలం వేసేకంటే, ఎండ బాగా ఎక్కాక పల్లపు ఒడ్డున, నీళ్లు నులివెచ్చగా ఉన్న చోట వెయ్యడం మేలు.

నీళ్లన్నీ బాగున్నా ముట్టడం లేదంటే కడుపు నిండిందేమో చూడాలి. దీనికి ఊహ అక్కర్లేదు. దొరికిన ఒక్క చేపనైనా ఇంటికి తెచ్చి, బూడిద వేసి జిగురు పోయేలా రుద్దాక, పొట్ట కోసేటప్పుడు పేగులతో పాటు కడుపు సంచి పారేయకండి. దాన్ని కత్తి మొనతో చీల్చి పళ్లెంలో కాస్త నీళ్లు పోసి విప్పండి. తవుడు, చెక్క ముద్దగా కనిపిస్తే అది గుత్తదారు మేత తిన్న చేప. నత్తగుల్ల ముక్కలు, పురుగుల రెక్కలు ఉంటే సొంతంగా వేటాడుతోంది. కడుపు ముడుచుకుపోయి తెల్లటి జిగురు తప్ప ఏమీ లేకపోతే రోజుల తరబడి తిండి ముట్టలేదని అర్థం, మళ్లీ నీళ్ల దగ్గరికే రావాలి. పది ఎరలు మార్చినా తెలియని సంగతి ఈ ఒక్క కడుపు చెబుతుంది.

రోజూ ఒకే వేళకు, ఒకే చోట మేత వేసే చెరువులో చేపలు ఆ వేళకు, ఆ చోటికి అలవాటు పడతాయి. మేత వేసిన రెండు గంటల తర్వాత పక్క మూల కూర్చుంటే ఏం దొరుకుతుంది? గుత్తదారుతో మాట్లాడుకుని మేతకు ముందు వెయ్యాలి. ప్రకృతి కూడా ఒక్కోసారి విందు పెడుతుంది. తొలకరి పడ్డ రాత్రి ఉసుళ్లు లేచి వీధి దీపాల చుట్టూ మూగి, రెక్కలు రాలి నీళ్లలో పడతాయి. కప్పలు కుప్పలుగా గుడ్లు పెడతాయి. ఆ రెండు మూడు రోజులు మార్పు కడుపు పగిలేలా తింటుంది. మీ ఎర్రతో దానికి పనేముంది?

ఆ తర్వాతే చేప తెలివి సంగతి. మీసాల చేపలకు కళ్ల కంటే రుచి, వాసన ముఖ్యం. అమెరికాలో పెంచే చానల్ క్యాట్‌ఫిష్ ఒంటి మీద లక్షకు పైగా రుచిమొగ్గలు ఉంటాయి. అవి మీసాల మీదే కాదు, చర్మమంతా పరుచుకుని ఉంటాయి. అలాంటి జాతికి కిరోసిన్ అంటిన వేళ్లతో, దోమల క్రీము రాసుకున్న చేతులతో గుచ్చిన ఎర పెట్టడం అనవసరం. ఎర పట్టుకునే ముందు చేతులు చెరువు మట్టితో రుద్దుకుంటే చాలు.

ఇంతకంటే ముఖ్యమైన వాసన ఇంకొకటుంది. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త 1938లో బయటపెట్టాడు. కొన్ని చేపల చర్మం చిట్లితే దాని కణాల నుంచి ఒక పదార్థం నీళ్లలో కలుస్తుంది, దాన్ని పసిగట్టిన తోటి చేపలు బెదిరి దాక్కుంటాయి. బొచ్చె జాతి, మీసాల జాతి రెండూ ఈ లక్షణం ఉన్న పెద్ద గుంపులోవే. ఇప్పుడు మన రేవులు గుర్తు తెచ్చుకోండి. పట్టిన చేపను అక్కడే రాయి మీద రుద్ది, కోసి, ఆ నీళ్లలోనే కడుగుతాం. నోరు చిరిగిన చిన్న పిల్లను అక్కడే నీళ్లలోకి విసిరేస్తాం. ఆ పక్కనే మళ్లీ గాలం వేసి ముట్టడం లేదంటాం. చేపను చెరువుకు దూరంగా, బకెట్ నీళ్లతో శుభ్రం చేసుకోవడం ఈ రోజు నుంచే మొదలుపెట్టగల పని.

గాలం నేర్పే పాఠం కూడా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో బ్యూకెమా అనే పరిశోధకుడు కార్ప్ చేపల మీద చేసిన పనిని 1970లో ప్రచురించాడు. ఒకసారి గాలానికి చిక్కి విడిచిపెట్టిన చేపలు ఆ తర్వాత చాలాకాలం గాలాన్ని తప్పించుకున్నాయి. చిన్న బందలో రోజూ పదిమంది వేస్తుంటే తప్పించుకున్నవే మిగులుతాయి. ఎర మార్చడం, చోటు మార్చడం, గాలం దాచడం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. నీరు, కడుపు రెండూ చూసుకున్న తర్వాత.

రోగం వేరే విషయం. 1988లో మన దేశంలో కనిపించిన పుండ్ల జబ్బు ముఖ్యంగా చలికాలంలో కొర్రమీనుకు, మార్పుకు, ఇంగిలాయికి వస్తుంది. ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుళ్లు, గట్టు వారకు చేరి కదలకుండా ఉండటం కనిపిస్తే గాలాలు తీసేసి మత్స్యశాఖ వాళ్లకు చెప్పాలి. సున్నం ఉపయోగపడేది ఇలాంటప్పుడు, అదీ అమ్మోనియా చూసుకున్నాక.

చివరిగా, చేప అసలు చెరువులో ఉందా అన్న ప్రశ్న. నీటికాకుల గుంపు ఒక సీజన్‌లో పిల్లల్ని బాగా తగ్గించగలదు. వలస పక్షులు వచ్చే తేలినీలాపురం చుట్టుపక్కల చెరువుల వాళ్లకు గూడబాతుల ఆకలి కూడా తెలుసు. దొంగ వలలూ ఉంటాయి. కానీ మార్పుల విషయంలో వీటికంటే ముందు తొలకరినే అనుమానించాలి. కొత్త నీళ్లు గెడ్డలో పారగానే గుడ్లు పెట్టడానికి అవి ఎదురెక్కుతాయి. పారే నీరు లేకపోయినా తడి గడ్డి మీద రొమ్ము ముళ్లు ఊతగా పాకుతూ పక్క వరిమళ్లలోకి పోగలవు. పంగాసియస్ పాకలేదు గానీ, గట్టు పొర్లిన రాత్రి నీళ్లతో పాటు పోతుంది. మదుముకు, నీళ్లు పొర్లే చోటుకు జూన్ రాకముందే సన్నకన్ను వల బిగించి ఉంటే ఆ వర్షాల తర్వాత ముట్టని చేప బందలోనే ఉన్నట్టు. వల లేకపోతే మాత్రం గాలం పక్కన పెట్టి, గుత్తదారుతో కలిసి ఒక మూల వల లాగి చూడటమే మార్గం.